దీన్, దీన, దిన: ఒకే ధ్వని, వేర్వేరు వేళ్లు

మనలో చాలామందికి వంటింట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. బడికి వెళ్తే ఇంగ్లీషు, మక్తబ్‌లో కూర్చుంటే అరబీ. పదేళ్లు నిండని మన పిల్లలు రోజూ నాలుగు భాషల మాటలు వింటున్నారు. ఇంత భారం చిన్న బుర్ర మీద ఎందుకని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. నా బోధనానుభవంలో తెలుసుకున్నదేమంటే, ఇది భారం కాదు, పెట్టుబడి లేకుండా దొరికిన ఆస్తి. అయితే ఆస్తి ఉన్నచోట సరిహద్దులు తెలిసి ఉండాలి. ఒకేలా వినిపించే మాట ఒక భాషలో ఒక అర్థం, మరో భాషలో మరో అర్థం ఇస్తుంటే పిల్లవాడు తికమకపడతాడు. ఆ తికమకను తీర్చేవారు లేకపోతే అది బెరుకుగా మారుతుంది. బెరుకు పుట్టిన పిల్లవాడు నోరు విప్పడు.

అందుకే ఈ వ్యాసంలో ఒకే ఒక్క ధ్వనిని తీసుకుని, అది ఏయే భాషల్లో ఏమేం అర్థాలిస్తుందో, ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఆ ధ్వని ‘దీన్’. విద్యార్థులు దీన్ని ఒక పాఠంగా చదవవచ్చు. పెద్దలు పిల్లలకు చెప్పవచ్చు.

అరబీలో దీన్

అరబీ మాటలకు సాధారణంగా మూడు హల్లుల మూలం ఉంటుంది. క, త, బ అనే మూలం నుంచి కితాబు, కాతిబ్, మక్తబ్ వచ్చినట్టే ద, య, న అనే మూలం నుంచి దీన్ వచ్చింది. ఈ మూలంలో బాధ్యత, లెక్క, తీర్పు అనే భావాలున్నాయి. దీన్ అంటే మనిషి నడవవలసిన మార్గం, ధర్మం. తీర్పు, ప్రతిఫలం అనే అర్థాలూ దానికే ఉన్నాయి. ఫాతిహా సూరాలో వచ్చే ‘యౌమిద్దీన్’ అనే మాటను తెలుగులో ‘తీర్పుదినం’ అంటాం. ఇక్కడ పిల్లలు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. దీన్ అన్నా దినం అన్నా ఒకటే అనుకుంటారు. నిజానికి ఆ మాటలో దినం అనే అర్థాన్నిచ్చేది ‘యౌమ్’. దీన్ అంటే తీర్పు.

ఇదే మూలం నుంచి ‘దైన్’ అనే మాట కూడా వచ్చింది. దైన్ అంటే అప్పు. జేర్, జబర్ గుర్తులు పెట్టకుండా రాస్తే దీన్‌కూ, దైన్‌కూ అక్షరాలు ఒకటే. ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వ ఆయతు, ఈ అప్పు గురించే. అప్పును రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అది ఆదేశిస్తుంది. ధర్మం, తీర్పు, అప్పు ఒకే మూలం నుంచి రావడంలో ఆశ్చర్యం లేదు. మూడింట్లోనూ మనిషి ఎవరికో జవాబు చెప్పుకోవాలి.

అరబీకి సోదర భాషలున్నాయి. వాటిలోనూ ఈ మాట కనబడుతుంది. హీబ్రూలో ‘దీన్’ అంటే న్యాయం, తీర్పు. యూదుల ధర్మ న్యాయస్థానాన్ని నేటికీ ‘బేత్ దీన్’ అంటారు. ఇరాక్ నేలమీద వేల ఏళ్ల కిందట మాట్లాడిన అక్కాదీ భాషలో ‘దీను’ అంటే తీర్పు, ‘దయ్యాను’ అంటే న్యాయమూర్తి. మన ఊళ్లలో క్రైస్తవ సోదరులు పెట్టుకునే దానియేలు అనే పేరుంది కదా. హీబ్రూలో దాని అర్థం ‘దేవుడే నా న్యాయాధిపతి’. అందులోని మొదటి భాగం ఈ మూలానిదే. అంటే ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న నిజాముద్దీన్, దానియేలు అనే ఇద్దరు పిల్లల పేర్లలో నిజమైన చుట్టరికం ఉంది. వినడానికి మాత్రం ఒకదానికొకటి పోలిక తెలియదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక వ్యాకరణ విషయం. నిజామ్, అల్, దీన్ అనే మూడు మాటలు కలిసి నిజాముద్దీన్ అయింది. ‘అల్’లోని లకారం పక్కనున్న దకారంలో కలిసిపోయి ద్విత్వమైంది. మన సంధుల్లాంటిదే ఇదీ. పిల్లలు టీవీలో చూసే అలాద్దీన్ పేరు కూడా ఇలా ఏర్పడినదే. అలా, అల్, దీన్. ‘దీన్ ఔన్నత్యం’ అని అర్థం.

పారశీకంలో దేన్

ఇస్లాం ఇరాన్‌కు చేరకముందే అక్కడ ‘దేన్’ అనే మాట వాడుకలో ఉంది. అంతకన్నా పాతదైన అవెస్తా భాషలో దాని రూపం ‘దయేనా’. జరతుస్త్ర మతస్థులు దాన్ని ధర్మం, అంతరాత్మ, లోచూపు అనే అర్థాల్లో వాడారు. వారి మత విషయాలను సేకరించి 9, 10 శతాబ్దాల్లో కూర్చిన పెద్ద గ్రంథం పేరు ‘దేన్‌కర్ద్’. ఈ దయేనాకు మూలం ‘చూడడం’ అనే అర్థమున్న ధాతువు. సంస్కృతంలోని ధీ, ధ్యానం అనే మాటలు దీనికి దాయాదులు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. అరబీ దీన్‌కు తీర్పు అనే వేరు ఉంది. పారశీక దేన్‌కు చూపు అనే వేరు ఉంది. అరబీ సెమిటిక్ కుటుంబానిది, పారశీకం ఇండో యూరోపియన్ కుటుంబానిది. పుట్టుకతో రెండూ వేరు. అయినా ఇరుగుపొరుగు నేలల్లో, దగ్గరి అర్థాలతో శతాబ్దాల తరబడి నలిగినందువల్ల ఒకదాని మీద ఒకదాని నీడ పడింది. అరబీలో ధర్మం అనే అర్థం బలపడడానికి పారశీక దేన్ తోడ్పడిందా అన్న చర్చ పండితుల మధ్య ఉంది. నేడు పారశీకంలోనూ ఉర్దూలోనూ దీన్ అన్నప్పుడు ఈ రెండు వాగులూ ఒకే కాలువలో పారుతున్నాయి.

సంస్కృతంలో దీన

ఇక తెలుగు పుస్తకంలోకి వద్దాం. దీనుడు, దీనంగా, దైన్యం, దీనబంధువు. ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలు. సంస్కృత ధాతువుల పట్టికలో ‘దీ’ అనే ధాతువుకు క్షయం, అంటే తరిగిపోవడం అని అర్థం చెప్పారు. తరిగిపోయినవాడు, చితికిపోయినవాడు దీనుడు. అరబీ దీన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఒకటి సెమిటిక్ వేరు, మరొకటి సంస్కృత ధాతువు.

ఇదే మాట దక్షిణాదిలో మరో మలుపు తిరిగింది. మలయాళంలో ‘దీనం’ అంటే జబ్బు. ఒళ్లు క్షీణించడం అనే భావం నుంచి రోగం అనే అర్థం స్థిరపడింది. కాబట్టి ఒక కేరళ ముస్లిం నోట దీన్ అంటే ధర్మం, దీనం అంటే జబ్బు. ఆయన తికమకపడడు. సందర్భమే అర్థాన్ని చెబుతుంది.

మన హైదరాబాదు చరిత్రలో ఇద్దరు పెద్దల పేర్లు ఈ తేడాను చక్కగా చూపిస్తాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ప్రసిద్ధి చెందిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. దీన్‌దయాళ్ అంటే దీనులపై దయగలవాడు. అందులోనిది సంస్కృత దీన. మరొకరు అప్పటి మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన ఉర్దూ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్. మొహియుద్దీన్ అంటే దీన్‌ను సజీవంగా నిలిపేవాడు. అందులోనిది అరబీ దీన్. ఒకే నగరం గుర్తుంచుకున్న రెండు పేర్లు. వినడానికి ఒకే ధ్వని. వేళ్లు వేరు.

దిన: వెలుగు నుంచి వచ్చిన రోజు

ఇప్పుడు హ్రస్వం. దినం, దినచర్య, దినపత్రిక, జన్మదినం. హిందీలో, ఉర్దూలో దిన్. ఇది సంస్కృత ‘దిన’. వెలుగు అనే భావమున్న పాత ఇండో యూరోపియన్ మూలానికి చెందింది. రష్యన్ భాషలో రోజును ‘ద్యెన్’ అంటారు. అది మన దినానికి నిజమైన దాయాది. దీర్ఘం, హ్రస్వం తేడాను తెలుగు లిపి గుడి, గుడిదీర్ఘంతో చూపిస్తుంది. ఉర్దూ లిపి మధ్యలో ‘యే’ అనే అక్షరంతో చూపిస్తుంది. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో ఉర్దూ రాసే మన పిల్లలకు ఈ తేడా చెదిరిపోతోంది. సొంత లిపి నేర్చుకోవడం ఎందుకు అని అడిగేవారికి ఇదొక జవాబు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. మన ఇళ్లలో ఉర్దూలో ‘దిన్’ అంటాం. పక్కింటి హిందూ సోదరుడు తెలుగులో ‘రోజు’ అంటాడు. దిన్ సంస్కృతం నుంచి వచ్చింది. రోజు పారశీక ‘రోజ్’ నుంచి వచ్చింది. మనం పట్టే రోజా కూడా ఆ రోజ్ నుంచి వచ్చిందే. అంటే సంస్కృత మాట మన నోట, పారశీక మాట ఆయన నోట. ఎవరి మాట ఎవరిదని పంచుకోబోతే పంపకం కుదరదు. ఇద్దరికీ తెలిసిన అచ్చ తెలుగు మాటలు వేరే ఉన్నాయి. నాడు, పొద్దు, పగలు.

డీన్, దీనారం, డిన్

మెడికల్ కాలేజీలో డీన్ ఉంటారు. ఈ ఇంగ్లీషు మాట లాటిన్ ‘దెకానుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దెకానుస్ అంటే పదిమందికి పెద్ద. లాటిన్‌లో ‘దెకెం’ అంటే పది. మన ‘దశ’కు అది దాయాది. కాబట్టి డీన్ అనే మాటకు దీన్‌తో గాని, దీనుడితో గాని చుట్టరికం లేదు. ఉన్నది దశతో.

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవారు ఇంటికి పంపే సొమ్మును దీనార్లలో లెక్కపెట్టుకుంటారు. దీనార్ అరబీ మాటే అనుకుంటాం. నిజానికి అది రోమన్ వెండి నాణెం ‘దెనారియుస్’ పేరు. మొదట్లో దాని విలువ పది చిన్న నాణేలు. అందుకే ఆ పేరులోనూ పది అనే అర్థముంది. గ్రీకు, అరమాయిక్ భాషల గుండా అది అరబీలోకి చేరింది. అంతకుముందే వర్తకం వెంట మన నేలకూ వచ్చింది. గుప్తుల కాలపు శాసనాల్లో దీనారాల దానాలున్నాయి. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనంలో ‘దీనారి మాషకాల’ దానం ప్రస్తావన ఉంది. కాబట్టి డీన్, దీనార్ ఒకే ఇంటివి. ధ్వని చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు.

ఇంగ్లీషులో ‘డిన్’ అనే మరో మాటకు రొద, గోల అని అర్థం. అది మన ‘ధ్వని’కి దాయాది. ఇక అమెరికాలోని నవాహో జనం తమను తాము ‘దినే’ అని పిలుచుకుంటారు. మనుషులు, జనం అని దాని అర్థం. వారి భాషకు పైన చెప్పిన భాషలు వేటితోనూ సంబంధం లేదు.

ఇన్ని భాషల్లో ఒకే ధ్వని ఎలా వచ్చింది? మనిషి నోటికి సులువుగా పలికే ధ్వనులు కొన్ని పదులే. ప్రపంచంలో భాషలు వేలు, ఒక్కో భాషలో మాటలు వేలు. చిన్న మాటలు ఎక్కడో ఒకచోట ఒకేలా తగలక తప్పదు. ఒకే ఇనిషియల్, ఒకే పేరు ఉన్న ఇద్దరు ఒకే జిల్లాలో దొరికినంత మాత్రాన వారిని అన్నదమ్ములంటామా?

తరగతి గదిలో జరిగే నష్టం

ఇదంతా పండితుల ముచ్చట కదా, మనకెందుకు అనవచ్చు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో జరిగింది చెబుతాను. ఏడో తరగతి పిల్ల ఒకతె తెలుగు వ్యాసంలో ‘మా నాన్న చాలా దీనుడు, ఐదుపూటలా నమాజు చదువుతాడు’ అని రాసింది. ఇంట్లో తండ్రిని అందరూ ‘దీన్‌దార్’ అంటారు. ధర్మనిష్ఠ గలవాడని అర్థం. ఆ గౌరవాన్ని తెలుగులోకి తెద్దామని ఆ పిల్ల దీనుడు అని రాసింది. పేపరు దిద్దిన ఉపాధ్యాయుడు ఆ వాక్యాన్ని పైకి చదివి, మీ నాన్న అంత బికారా అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల తెలుగు పీరియడులో నోరు తెరవలేదు. తండ్రిని మెచ్చుకోబోతే తండ్రే నవ్వులపాలయ్యాడు. ఏ పిల్లకైనా అంతకన్నా బాధ ఏముంటుంది?

ఆ పిల్ల వాడిన మాట ఆ సందర్భానికి సరిపడదు. నిజమే. కానీ ఆమె చేసింది అజ్ఞానం కాదు, అనువాదం. ఎర్రసిరాతో కొట్టేసే ముందు ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది: ‘అమ్మా, ఇంట్లో ఈ మాటను ఏమంటారు?’ దీన్‌దార్ అని జవాబు వచ్చేది. అప్పుడు ఆ ఒక్క మాటతో తరగతి మొత్తానికి మంచి పాఠం చెప్పవచ్చు. ఎందుకంటే దీన్‌దార్‌లో సగం అరబీ, సగం పారశీకం. జమీందార్, తహసీల్దార్, దుకాణ్‌దార్ మాటల్లో ఉన్న ‘దార్’ ఇది. ధరించినవాడు, చేతిలో ఉన్నవాడు అని అర్థం. సంస్కృతంలోని ధృ ధాతువుకు, మన సూత్రధారి, వేషధారి మాటల్లోని ‘ధారి’కి అది అసలైన దాయాది. అంటే ఆ పిల్ల చుట్టరికం ఉందనుకున్న దీన్, దీనుడు పరాయివి. ఆమె గమనించని దార్, ధారి చుట్టాలు.

మన పిల్లల ఉర్దూను తెలుగులో దోషంగా, వారి తెలుగును ఉర్దూలో దోషంగా చూస్తే వారికి ఏ భాషా మిగలదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే రెండూ మిగులుతాయి.

చుట్టరికం ఎలా తేలుస్తారు?

నష్టం మరో వైపు నుంచీ ఉంది. ఫలానా భాషలోని ఫలానా మాట మా భాష నుంచే పోయిందని, కాబట్టి మీదంతా మాదేనని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. కొన్ని గొప్పలు చెప్పుకోవడానికి, కొన్ని ఎదుటివారిని తక్కువ చేయడానికి. వాటిని నమ్మే ముందు, పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా విద్యార్థులకు చెబుతాను.

మొదటిది, ఆ మాటకు సొంత భాషలో కుటుంబం ఉందా? దీన్‌కు దైన్, దయ్యాన్ వంటి బంధువులు సెమిటిక్ భాషల్లో ఉన్నాయి. దీనుడికి దైన్యం వంటి బంధువులు సంస్కృతంలో ఉన్నాయి. ఎవరి ఇల్లు వారిదే. రెండోది, పాత రూపం ఏమిటి? డీన్ పాత రూపం చూస్తేనే అందులోని పది బయటపడింది. మూడోది, ఆ మాటను ఎవరు, ఏ దారిన మోసుకొచ్చారు? దీనార్‌కు వర్తకుల దారి ఉంది. నవాహోల దినేకు అలాంటి దారి లేదు.

ధ్వని, అర్థం రెండూ కలిసినా ఒక్కోసారి చుట్టరికం ఉండదు. లాటిన్‌లో ‘దియేస్’ అంటే రోజు. ఇంగ్లీషులో ‘డే’ అంటే రోజు. ఎవరైనా ఒకటే అనుకుంటారు. కానీ డే జర్మానిక్ కుటుంబానిది. జర్మన్‌లోని ‘టాగ్’ దాని తోబుట్టువు. దియేస్‌తో దానికి సంబంధం లేదు. మరోవైపు, సంస్కృత ‘చక్ర’, ఇంగ్లీషు ‘వీల్’ చెవికి ఏమాత్రం కలవవు. ఆ రెండూ ఒకే పాత మాట నుంచి వచ్చాయి.

ఈ పద్ధతి విలువ తెలుగువారికి బాగా తెలిసి ఉండాలి. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉంటుందని చెప్పాడు. తెలుగులో సంస్కృత పదాలు విస్తారంగా ఉన్నాయి కాబట్టి తెలుగూ సంస్కృతం నుంచే పుట్టిందని ఆ రోజుల్లో చాలామంది భావించేవారు. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ అనే అధికారి, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో, తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువులతో పోల్చి ఈ మూడూ ఒకే వేరే కుటుంబానివని చూపించాడు. అరువు తెచ్చుకున్న మాటలు వేరు, పుట్టుకతో వచ్చిన మాటలు వేరు అన్న ఈ విచక్షణ వల్లే తెలుగుకు తన వంశం తెలిసింది. ఆ తర్వాత మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద చేసిన కృషి ప్రపంచ ప్రసిద్ధం.

నిజంగా ప్రయాణించిన మాట

ఇంతవరకు కాకతాళీయమైన పోలికలే ఎక్కువగా చూశాం. నిజంగా దేశాలు దాటిన మాట ఒకటి చూద్దాం. దీనుడికి అరబీలో దగ్గరగా సరిపోయే మాట ‘మిస్కీన్’. జకాత్ ఎవరెవరికి చెందాలో ఖుర్‌ఆన్ తౌబా సూరాలోని 60వ ఆయతు ఎనిమిది వర్గాలను చెబుతుంది. ఫకీర్లు, మిస్కీన్లు ఆ వరుసలో మొదట వస్తారు. అప్పుల్లో కూరుకుపోయినవారూ అందులో ఉన్నారు.

మిస్కీన్ మూలం అక్కాదీ భాషలోని ‘ముష్కేను’. బాబిలోను రాజు హమ్మురాబీ శాసనంలో ఈ మాట ఉంది. ఉన్నత వర్గానికీ బానిసకూ మధ్యనున్న సామాన్యుడని అక్కడ దాని అర్థం. అరమాయిక్ మీదుగా అరబీలోకి వచ్చేసరికి పేదవాడు అయింది. అరబీ నుంచి స్పెయిన్, ఇటలీ భాషలకు ‘మెస్కీనో’ వంటి రూపాల్లో వెళ్లింది. ఫ్రెంచిలో ‘మెస్కాన్’ అయింది. నేటి ఫ్రెంచిలో దాని అర్థం ఏమిటో తెలుసా? అల్పబుద్ధి గలవాడు, పిసినారి. సామాన్యుడి పేరుగా బయలుదేరిన మాట పేదవాడి పేరై, చివరికి నీచబుద్ధికి పేరైంది. డబ్బు లేనివాడికి బుద్ధి కూడా లేదని లోకం అనుకుంటూ వచ్చింది కాబట్టి మాట అలా దిగజారింది. తెలుగులోనూ చూడండి. బీద అన్న మాటకు చివర ‘అరుపులు’ తగిలిస్తే అది ఎగతాళి అవుతుంది. మాట తనంతట తాను చెడిపోదు. మనుషుల చూపు దాన్ని చెడగొడుతుంది.

సేవాసంఘాలు నడిపేవారు, చందాలిచ్చేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఫీజు కట్టలేని పిల్లవాడిని వేదిక మీద నిలబెట్టి ‘పాపం, దీన స్థితిలో ఉన్నాడు’ అని మైకులో చెప్పినప్పుడు, సాయం చేతికి అందుతుంది గాని ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఎడమచేతికి తెలియకుండా కుడిచేతితో ఇవ్వమన్న ధర్మం మనది.

చివరి మాట

దీన్ వేరు, దీనుడు వేరు. నిఘంటువు ప్రకారం వాటిని కలపడానికి ఏ దారీ లేదు. లేని చుట్టరికాన్ని కల్పించి చెబితే రెండు భాషలకూ అన్యాయం చేసినట్టే. మంచి ఉద్దేశంతో చెప్పినా అబద్ధం అబద్ధమే. నిఘంటువు చేయలేని పని మనం చేయగలం. దీన్ అంటే జవాబుదారీతనం అని పైన చూశాం. ఆకలిగొన్న పొరుగువాడి విషయంలో, చదువు మానేసిన పిల్లల విషయంలో ఆ జవాబు అడుగుతారు. దీన్ మీద నడిచేవాడు దీనుడి గుమ్మం దాకా నడిస్తే, వేర్వేరు వేళ్ల ఈ రెండు మాటలూ అక్కడ కలుసుకుంటాయి.

విద్యార్థులకు చిన్న అభ్యాసం. ఈ కింది జంటల్లో ఏవి చుట్టాలో, ఏవి కావో ఇంట్లో పెద్దలను, నిఘంటువులను అడిగి తెలుసుకోండి.

1. నాగలి గీసిన ‘సాలు’, ‘ఈ సాలు పంట బాగుంది’ అన్నప్పటి ‘సాలు’.
2. ఉర్దూలో నిన్నకూ రేపటికీ వాడే ‘కల్’, తెలుగులో నిద్రలో వచ్చే ‘కల’.
3. మామిడిపండు అనే ‘ఆమ్’, దివానె ఆమ్‌లోని ‘ఆమ్’. ఉర్దూలో రెండింటి మొదటి అక్షరం గమనించండి.
4. సంఘం రసీదు పుస్తకంలో తెలుగులో రాసే ‘దానం’, ఇంగ్లీషులో రాసే ‘డొనేషన్’.

మొదటి మూడు జంటలూ పరాయివి. నాలుగోది మాత్రం అసలైన చుట్టరికం. ఎందుకో కనుక్కొని, మీ టీచరుకు మీరే పాఠం చెప్పండి.